మొత్తం వాట్లు సరిపోయాయి, అయినా ఆట మధ్యలో సిస్టమ్ ఆరిపోయేది: ఒక బ్రాండెడ్ డెస్క్‌టాప్ కేసు

ఈ కేసులో సమస్యలు నాలుగు వచ్చాయి, నాలుగూ వేరువేరుగా కనిపించాయి. పని సగం దాటాక గానీ అన్నిటికీ మూలం ఒకటేనని నాకు తట్టలేదు, అందుకే వివరంగా రాసి పెడుతున్నాను. కస్టమర్‌ని గుర్తుపట్టకుండా కొన్ని విషయాలు మార్చాను, మెషీన్ ఏ కంపెనీదో కూడా చెప్పడం లేదు.

నేపథ్యం

అతనొక కాలేజీ కుర్రాడు. ఇంట్లోవాళ్ళు ఆఫీసు పనికి వాడి పక్కన పెట్టేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ అతని చేతికొచ్చింది. మామూలు టవర్ క్యాబినెట్, కోర్ ఐ5-8500 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకే స్టిక్‌గా, 1 టీబీ హార్డ్ డిస్క్, 260 వాట్ల ఎస్ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా). గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లోనే ఉండే యూహెచ్‌డీ 630తో నడిచేది. మానిటర్ 1080పీ, 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 బొమ్మలు చూపేది.

ఇలాంటి మెషీన్‌ని చూసి చాలామంది పాతదైపోయింది, వదిలెయ్ అంటారు. నేను అనను. ఐ5-8500 2018లో వచ్చింది నిజమే, కానీ 6 కోర్లున్నాయి, ఒక కోర్ మీద 4.1 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, 65 వాట్ల ప్రాసెసర్. 60 హెర్ట్జ్ మానిటర్ ముందు కూర్చునేవాడికి ఇది ఇంకా పనికొచ్చే ప్రాసెసరే. బ్రాండెడ్ సిస్టమ్‌తో ఇబ్బంది సాధారణంగా ప్రాసెసర్ దగ్గర రాదు, దాని చుట్టూ ఉన్న సామాను దగ్గర వస్తుంది.

నా దగ్గరకు వచ్చేసరికే బడ్జెట్‌లో దాదాపు సగం ఖర్చు పెట్టేశాడు. సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1060, 6 జీబీ కార్డు కొన్నాడు. కార్డు మంచిదే. దానికి కరెంటు ఇవ్వడానికి ఎస్ఎంపీఎస్‌లో 6 పిన్ కనెక్టర్ లేకపోతే, హార్డ్ డిస్క్‌కి కరెంటు ఇచ్చే సాటా పవర్ నుంచి 6 పిన్‌గా మార్చే చిన్న అడాప్టర్ ఒకటి తెప్పించుకుని తగిలించాడు.

సమస్య

"అన్నా, గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకి సిస్టమ్ మొత్తం ఠక్కున ఆరిపోతోంది. ఎర్రర్ ఏమీ రాదు. మళ్ళీ ఆన్ చేస్తే మామూలుగానే వస్తుంది" అన్నాడు. డ్రైవర్ నాలుగుసార్లు మార్చాడట, విండోస్ కూడా ఒకసారి మళ్ళీ వేశాడట.

ఎర్రర్ స్క్రీన్ లేకుండా, స్విచ్ తీసేసినట్టు ఆరిపోతే నేను ముందు కరెంటు వైపు చూస్తాను, తర్వాత వేడి వైపు. డ్రైవర్ తప్పయితే సాధారణంగా గేమ్ క్రాష్ అవుతుంది, స్క్రీన్ నల్లబడి తిరిగి వస్తుంది, లేదా నీలం స్క్రీన్ వస్తుంది. మెషీన్ మొత్తం ఒక్క క్షణంలో చచ్చిపోవడం వేరే రకం. అందుకే సిస్టమ్ ఆన్ చేయకుండానే క్యాబినెట్ తెరిచాను.

అడాప్టర్ సాటా వైపు ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన. అది చూశాక ఇంక టెస్టింగ్ ఏమీ చేయలేదు, అడాప్టర్ పీకి పక్కన పెట్టేశాను. అది ఇంకొన్నాళ్ళు అలాగే నడిచి ఉంటే ఏమయ్యేదో అతనికి చెప్పాను, భయపడ్డాడు. భయపడాల్సిన విషయమే. ఈ అచ్చుపోసిన సాటా అడాప్టర్లు కరిగి మంటలు రేగిన సందర్భాలు ఉన్నాయి.

అతని వాదన మాత్రం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "ప్రాసెసర్ 65, కార్డు 120, మిగతావన్నీ కలిపి ఓ 30. మొత్తం 215. ఎస్ఎంపీఎస్ 260 కదా అన్నా, ఇంకా 45 మిగిలాయి కదా?" లెక్క తప్పు కాదు. కానీ ఎస్ఎంపీఎస్ మీద రాసి ఉన్న 260 మొత్తం సంగతి. ఆ కరెంటు ఏ తీగలోంచి ఎంత వెళ్ళగలదన్నది ఇంకో సంగతి. గ్రాఫిక్స్ కార్డు మదర్‌బోర్డు మీద తను కూర్చునే స్లాట్ నుంచి గరిష్ఠంగా 75 వాట్లు తీసుకోవచ్చు, అందులో 12 వోల్ట్ లైన్ మీద వచ్చేది 66 వాట్లే. మిగతాది పక్కనున్న కనెక్టర్ నుంచి రావాలి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్ట్ పిన్నులు మూడు, ఒక్కో దానికి ఒకటిన్నర ఆంపియర్, అంటే అంతా కలిపి 54 వాట్లు. 66కి 54 కలిపితే సరిగ్గా 120. అంటే ఆ కార్డు మామూలుగా నడిచినా సాటా కనెక్టర్ తన అంచు మీద నడుస్తున్నట్టు. గ్రాఫిక్స్ కార్డులేమో నిలకడగా తాగవు, రెప్పపాటు కాలం రాసిన అంకె కన్నా చాలా పైకి లేస్తాయి. ఆ ఎగుడు వచ్చినప్పుడల్లా ఆ చిన్న పిన్నులు వేడెక్కాయి, చివరికి వోల్టేజీ పడిపోయో, ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకునో సిస్టమ్ ఆగిపోయింది. ఆ రెండింట్లో ఏదో తేల్చాలంటే మళ్ళీ అదే అడాప్టర్ తగిలించి కొలవాలి, ఆ పని చేయదలచుకోలేదు.

ఎస్ఎంపీఎస్ మార్చడమా, కార్డు మార్చడమా

అసెంబుల్డ్ సిస్టమ్ అయితే ఇక్కడ ఆలోచించే పనే లేదు. మంచి 450 వాట్ల ఎస్ఎంపీఎస్ పెట్టి 1060నే ఉంచేవాణ్ణి. ఇక్కడ అది కుదరలేదు. ఈ మదర్‌బోర్డుకి మామూలు 24 పిన్ కనెక్టర్ లేదు, కంపెనీ సొంత 6 పిన్ కనెక్టర్ ఉంది. ఎస్ఎంపీఎస్ 12 వోల్ట్ మాత్రమే ఇస్తుంది, 5 వోల్ట్, 3.3 వోల్ట్ బోర్డే తయారు చేసుకుంటుంది. హార్డ్ డిస్క్‌కి కరెంటు కూడా బోర్డు మీద నుంచే వస్తుంది. మామూలు ఎస్ఎంపీఎస్ కొలతలూ, స్క్రూ రంధ్రాలూ క్యాబినెట్‌కి సరిపోవు. 24 పిన్ నుంచి 6 పిన్‌కి మార్చే కేబుళ్ళు దొరుకుతాయి, వాటితో నడిపేవాళ్ళూ ఉన్నారు. కానీ ఒక అడాప్టర్ కాలిన మెషీన్‌లో ఇంకో అడాప్టర్ పెట్టి, ఎస్ఎంపీఎస్‌ని క్యాబినెట్ బయట వేలాడదీసి, ఇంట్లోవాళ్ళంతా తిరిగే చోట దాన్ని పెట్టుకోమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఖర్చు చూసినా ఎస్ఎంపీఎస్, కేబుల్ రెండూ కలిపి మిగిలిన బడ్జెట్‌ని తినేస్తాయి, ర్యామ్‌కి ఏమీ మిగలదు.

కాబట్టి 1060ని తిరిగి అమ్మేసి, స్లాట్ ఇచ్చే కరెంటుతోనే బతికే కార్డు తీసుకుందాం అన్నాను. అతనికి ఇది మింగుడు పడలేదు. కొన్న కార్డు అమ్ముకోవడమంటే ఎవరికైనా కష్టమే. ఒప్పించడానికి నేను ఎక్కువ మాట్లాడలేదు, కాలిన కనెక్టర్‌ని చేతిలో పెట్టాను.

విఫలమైన మొదటి ప్రయత్నం

నా దగ్గర టెస్టింగ్ కోసం ఉంచుకున్న కార్డు ఒకటి ఉంది. కరెంటు చాలా తక్కువ తాగుతుంది, 4 జీబీ మెమరీ, పక్కన కనెక్టర్ అక్కర్లేదు. కొత్త బోర్డుల మీద నేనే వాడి చూశాను, బాగా నడిచింది. ఇదే చవకలో సరిపోతుందనుకుని పెట్టి చూశాను.

సిస్టమ్ ఆరిపోవడం పోయింది. కానీ టెక్స్‌చర్లు కాస్త పెంచగానే గేమ్ తెరలు తెరలుగా ల్యాగ్ అవడం మొదలుపెట్టింది. మీడియంలో బాగుంటుంది, హైలో పెడితే కెమెరా తిప్పిన ప్రతిసారీ ఒక కుదుపు. కారణం వెతికితే చాలాసేపు పట్టలేదు. ఆ కార్డుకి పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు, అంటే బోర్డుతో డేటా మార్చుకునే దారులు, 4 మాత్రమే. స్లాట్ పొడవు 16 లేన్లదే, కార్డు కూడా చూడ్డానికి అంత పొడుగ్గానే ఉంటుంది, లోపల కలిసేవి నాలుగే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డు మీద ఆ నాలుగు లేన్లలో సెకనుకి దాదాపు 8 జీబీ వెళ్తుంది. ఈ బోర్డు 3.0, అందులో సగమే, సుమారు 4 జీబీ. కార్డు మెమరీ సరిపోయినంతసేపూ ఈ తేడా పెద్దగా తెలియదు. 4 జీబీ నిండిపోయి, మిగతాది సిస్టమ్ ర్యామ్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు ఆ సన్నటి దారే గొంతు పట్టుకుంటుంది.

పాత బ్రాండెడ్ సిస్టమ్‌కి కార్డు చూసేటప్పుడు లేన్ల సంఖ్య చూడాలన్నది నాకు తెలియని విషయం కాదు. కొత్త బోర్డు మీద బాగా నడిచిందన్న జ్ఞాపకంతో చూడకుండా పెట్టేశాను. కొనకముందే తేలింది కాబట్టి అతనికి నష్టం రాలేదు.

కార్డు ఎంపిక

తర్వాత రెండు మిగిలాయి. జీటీఎక్స్ 1650, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. 1650కి 16 లేన్లు, 75 వాట్లు, 4 జీబీ. కొన్ని మోడళ్ళకి పక్కన 6 పిన్ కనెక్టర్ ఉంటుంది, కొన్నిటికి ఉండదు, కొనేటప్పుడు ఆ మోడల్ ఫోటో పక్క వైపు నుంచి చూసి తీరాలి. 3050 6 జీబీ 2024లో వచ్చింది, 70 వాట్లు, 8 లేన్లు. 3.0 బోర్డు మీద 8 లేన్లంటే సెకనుకి దాదాపు 8 జీబీ దారి దొరుకుతుంది, పైగా మెమరీ 6 జీబీ కాబట్టి ఆ దారి మీద పడాల్సిన అవసరమే తక్కువ వస్తుంది. బొమ్మని తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ కూడా ఉంది, 1650కి లేదు. ఖరీదు ఎక్కువే. అయినా 3050 వైపే మొగ్గాను, ఎందుకంటే ఈ మెషీన్‌లో ఇంతకన్నా పెద్ద కార్డు ఎప్పటికీ పెట్టలేం. మళ్ళీ మార్చే వీలు లేని చోట కాస్త ఎక్కువ పెట్టడం నాకు సబబుగా అనిపించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 3050 పేరుతోనే 8 జీబీ కార్డు ఇంకొకటి ఉంది. రెండింటికీ తేడా మెమరీ ఒక్కటే అనుకుంటారు. 8 జీబీది 130 వాట్లు, పక్కన కనెక్టర్ కావాలి, అందులో కోర్లు 2560, మెమరీ బస్ 128 బిట్. 6 జీబీదాంట్లో కోర్లు 2304, బస్ 96 బిట్. ఈ కుర్రాడు చవకగా దొరికిందని సెకండ్ హ్యాండ్ 8 జీబీది బుక్ చేయబోయాడు, ఫోన్ చేసి అడిగాడు కాబట్టి ఆగింది. లేకపోతే మళ్ళీ మొదటికే వచ్చేవాళ్ళం.

కార్డు వచ్చాక పాత డ్రైవర్ మొత్తం తీసేసి కొత్తది వేశాను. గోడ ప్లగ్ దగ్గర వాట్ మీటర్ పెట్టి చూస్తే గేమ్ నడుస్తున్నప్పుడు 180 దాటలేదు. గంటసేపు నడిపినా ఆరిపోలేదు.

ఇక్కడ నేను తప్పు చేశాను

ఎఫ్‌పీఎస్ (సెకనుకి గీసే ఫ్రేములు) సగటు చూస్తే బాగుంది. ఆడితే బాలేదు. కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ బొమ్మ సెకనులో కొంతభాగం గడ్డకట్టి మళ్ళీ కదిలేది. సగటు అంకె ఇలాంటివాటిని దాచేస్తుంది, అందుకే ఒక్కో ఫ్రేముకి ఎంత సమయం పట్టిందో చూపే ఫ్రేమ్ టైమ్ గీత చూడాలి. ఆ గీత మీద తాటిచెట్లు మొలిచినట్టు ఉంది.

కార్డు కొనేటప్పుడు అతను అడిగాడు, "ర్యామ్ కూడా ఇప్పుడే తీసుకోనా?" అని. "వచ్చే నెల చూద్దాంలే, ముందు కార్డు" అన్నాను. కార్డు లేకపోతే ఏదీ నడవదు కాబట్టి కార్డు ముందు అన్నది తప్పు కాదు. ర్యామ్ పెంచకపోయినా నెల రోజులు నడుస్తుందనుకోవడం తప్పు. పైగా ల్యాగ్ రాగానే నేను డ్రైవర్‌నే అనుమానించి ఒక సాయంత్రం మొత్తం దాని మీదే పెట్టాను. అనవసరంగా డ్రైవర్ మీద పడ్డావని కుర్రాడికి చెప్పిన నేనే మళ్ళీ అదే దారి పట్టాను.

కొలిచాక విషయం బయటపడింది. కుదుపు వచ్చిన క్షణంలో గ్రాఫిక్స్ కార్డు వాడకం 97 శాతం నుంచి 40కి పడిపోతోంది. అంటే కార్డుకి పని అందడం లేదు, ఎదురు చూస్తోంది. అదే సమయంలో ర్యామ్ దాదాపు పూర్తిగా నిండి ఉంది, హార్డ్ డిస్క్ 100 శాతం మీద కొట్టుకుంటోంది. 8 జీబీ చాలక విండోస్ ర్యామ్‌లో పట్టని డేటాని పేజ్ ఫైల్‌గా హార్డ్ డిస్క్ మీద రాస్తోంది, గేమ్ కూడా అదే డిస్క్ నుంచి కొత్త ప్రాంతాన్ని చదువుతోంది. తిరిగే డిస్క్ రెండు పనులు ఒకేసారి చేయలేదు. దీనికి తోడు ఒకే స్టిక్ కాబట్టి ర్యామ్ సింగిల్ ఛానెల్‌లో, అంటే ప్రాసెసర్‌కి వెళ్ళే రెండు దారుల్లో ఒక్కదాని మీదే ఉంది. డీడీఆర్4 2666కి ఒక ఛానెల్ మీద సెకనుకి 21 జీబీ చిల్లర, రెండు ఛానెళ్ళయితే 42 దాటుతుంది.

అప్పుడు తట్టింది నాకు. కాలిన అడాప్టర్, నాలుగు లేన్ల కార్డు, ఇప్పుడు ఈ ఒంటరి స్టిక్, మూడూ ఒకే జబ్బు. మూడు చోట్లా ఉన్న సామర్థ్యం ఎంతని చూశాం, అది వచ్చే దారి ఎంత వెడల్పని చూడలేదు. తర్వాతి పనులన్నీ ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాను.

వెంటనే కొనమనలేదు. నా సొరుగులోని 8 జీబీ 2666 స్టిక్ ఒకటి రెండో ఛానెల్ స్లాట్‌లో పెట్టి ఒక రోజు ఆడమన్నాను. కుదుపులు చాలావరకు పోయాయి, పెద్ద మ్యాపుల్లో మాత్రం మిగిలాయి. అవి డిస్క్‌వి. ఇలా విడివిడిగా పెట్టి చూడటం వల్ల ఏది ఎంత పని చేసిందో అతనికే కనిపించింది, డబ్బు ఇచ్చేటప్పుడు అనుమానం లేకుండా ఇచ్చాడు. ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం, రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపి చూస్తే దాని మంచి చెడు తెలిసిపోతుంది. ఎస్ఎస్‌డీ మాత్రం కొత్తదే కొనమన్నాను, అది రాసేకొద్దీ అరిగే వస్తువు.

బోర్డు మీద ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంది కాబట్టి ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, 500 జీబీ. కేబుల్ అక్కర్లేదు, బోర్డు ఇచ్చే సాటా పవర్ మీద ఇంకో బరువు పడదు. స్లాట్ ఉంది గానీ ఎస్ఎస్‌డీని బిగించే స్క్రూ, దాని కింది చిన్న దిమ్మ రెండూ లేవు. బ్రాండెడ్ బోర్డుల్లో ఇది మామూలే, ముందే చూసుకుంటే ఒక రోజు కలిసొస్తుంది. బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, స్టోరేజ్ మోడ్ రెయిడ్‌లో (కొన్ని డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి) ఉండి విండోస్ ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనపడలేదు, మామూలు మోడ్ అయిన ఏహెచ్‌సీఐకి మార్చాక కనపడింది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఈ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో ఉంది, కాబట్టి కొత్తగా 11 వేశాను. లైసెన్స్ దానంతట అదే యాక్టివేట్ అయింది.

గాలి

అంతా అయిపోయిందనుకున్నాక ఫోన్. మొదటి ఇరవై నిమిషాలు అద్భుతంగా ఉంటోందట, తర్వాత మెల్లగా ఎఫ్‌పీఎస్ జారిపోతోందట. మెల్లగా జారడమంటే వేడి. చూస్తే ప్రాసెసర్ 97 డిగ్రీల దగ్గర ఉంది, దాని హద్దు 100. ఆఫీసు పనికి తయారైన క్యాబినెట్ ఇది. ముందు వైపు గాలి వచ్చే చీలికలు సన్నవి, వాటి వెనకే హార్డ్ డిస్క్ గూడు అడ్డంగా ఉంది. ఇంతకాలం లోపల 65 వాట్ల వేడే ఉండేది, ఇప్పుడు కార్డు ఇంకో 70 వాట్లు అదే పెట్టెలో వదులుతోంది, గాలి దారి మాత్రం అంతే ఉంది.

అతను పెద్ద కూలర్ కొంటానన్నాడు. వద్దన్నాను. ఈ బోర్డులో కూలర్ స్క్రూలు క్యాబినెట్ రేకుకే దిగుతాయి, ఫ్యాన్ కనెక్టర్ కూడా కంపెనీ సొంతం. వేరేది తగిలిస్తే బూట్ అయినప్పుడల్లా ఫ్యాన్ ఎర్రర్ చూపి ఆగిపోయే అవకాశం ఉంది. డబ్బు ఖర్చు కాని పనులు ముందు చేద్దాం అన్నాను. ముందు ప్యానెల్ ఊడదీసి దుమ్ము దులిపాను, చీలికలు సగం మూసుకుపోయి ఉన్నాయి. ప్రాసెసర్ మీద, దాని వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా రాలింది, కొత్తది పెట్టాను. ఎస్ఎస్‌డీ ఉంది కాబట్టి హార్డ్ డిస్క్‌ని ముందు నుంచి తీసి పై గూట్లోకి మార్చాను, కేబుళ్ళు పక్కకి కట్టాను. ఉష్ణోగ్రత 82 దగ్గర నిలబడింది.

ఇంకొకటి చేశాను, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది అదేనేమో. ఫ్రేమ్‌లని సెకనుకి 60 దగ్గర కట్టేశాను. మానిటర్ 60 హెర్ట్జ్‌దే, అంతకు మించి గీసిన ఫ్రేమ్ ఏదీ అతని కంటికి పూర్తిగా చేరదు, వేడిగా మాత్రం మారుతుంది. కట్టేశాక గోడ దగ్గర మీటర్ కిందికి దిగింది, ఫ్యాన్ శబ్దం తగ్గింది, ఫ్రేమ్ టైమ్ గీత చదునైంది. బరువైన గేముల్లో డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ మోడ్, టెక్స్‌చర్లు కార్డు మెమరీ 6 జీబీ దాటకుండా.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

బ్రాండెడ్ సిస్టమ్ వస్తే ఇప్పుడు కార్డు గురించి చివర్లో మాట్లాడతాను. ముందు క్యాబినెట్ తెరిచి ఎస్ఎంపీఎస్ లేబుల్, దాని నుంచి బయటికొచ్చే కనెక్టర్లు, బోర్డు పవర్ కనెక్టర్ ఆకారం, స్లాట్ వెర్షన్, ఖాళీ ర్యామ్ స్లాట్లు, ఎం.2 స్క్రూ దిమ్మ, గాలి వచ్చే చోటు అన్నీ ఫోటోలు తీసి పెట్టుకుంటాను. కొందరు తయారీదారులు స్లాట్‌కి 75 వాట్లు కూడా పూర్తిగా ఇవ్వకపోవచ్చు కాబట్టి మోడల్ మాన్యువల్ కూడా చూస్తాను. బడ్జెట్ మొత్తం కార్డు మీద పెట్టించను, ర్యామ్‌కి ఒక వాటా ముందే తీసి పక్కన పెడతాను. సాటా నుంచి గ్రాఫిక్స్ కార్డుకి వెళ్ళే అడాప్టర్ ఎవరి మెషీన్‌లో కనిపించినా అడక్కుండానే తీసేస్తాను, ఈ ఒక్క విషయంలో కస్టమర్ ఇష్టం అని వదలను.

మూడు నెలల తర్వాత అదే కుర్రాడు మళ్ళీ ఫోన్ చేశాడు. అదే సాకెట్‌లో ఐ7-8700 పెడితే ఎఫ్‌పీఎస్ పెరుగుతుందని ఎవరో చెప్పారట, చవకగా దొరుకుతోందట, కొనమంటారా అని. "తమ్ముడూ, ఫ్రేమ్ లిమిట్ తీసేసి అరగంట ఆడు, కార్డు వాడకం ఎంత ఉందో, ప్రాసెసర్ ఎంత ఉందో స్క్రీన్‌షాట్ పంపు" అన్నాను. ఆ రాత్రే పంపాడు. కార్డు 97 శాతం, ప్రాసెసర్ 60 చిల్లర. దాని కిందే అతను రాశాడు, "అర్థమైందన్నా, కొనట్లేదు" అని.